దొరసానికి కట్టిన ఇల్లు

నిన్న మధ్యాహ్నం షాపుకు ఒక పార్సిల్ వచ్చింది. అట్టపెట్టె మీద టేపు కోయగానే ఎండుగడ్డి వాసన గుప్పుమంది. మనకు తెలిసిన వరిగడ్డి వాసన కాదది. వరిగడ్డిలో కాస్త దుమ్ము, కాస్త పశువుల కొట్టం కలిసి ఉంటాయి. ఇది పలచగా, తియ్యగా, ఎక్కడో చలికొండల మీద ఎండిన గడ్డిలా ఉంటుంది. జనగామ నుంచి ఒకాయన తన కూతురి కోసం చించిల్లాను తెస్తున్నాడట. పంజరం నన్ను చేయమని, లోపల ఏది ఎక్కడ పట్టాలో చూసుకోవడానికి దాని సామానంతా నా దగ్గరికే పంపాడు. గడ్డి, మూతిలో గోలీ ఉన్న నీళ్ళసీసా, మట్టిగిన్నె, స్నానానికి బూడిదరంగు పొడి. చించిల్లా అంటే తెలియనివాళ్ళకు ఒక మాట: ఉడుతకంటే పెద్దది, కుందేలుకంటే చిన్నది, ఒళ్ళంతా బొచ్చు, నీళ్ళు పడవు, ఎండ అసలే పడదు. ఆ గడ్డి గుప్పిట్లో పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. ఎండ షట్టరు కిందుగా జరిగి నా చెప్పుల దాకా వచ్చింది.

ఆ వాసన వెనకాలే యాకయ్య ఉస్తాద్ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఆయన పోయి మూడేళ్ళు. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. మానుకోటలో, అంటే మీరు మ్యాపులో మహబూబాబాద్ అని చదివే ఊళ్ళో, రైల్వే గేటు దాటాక ఎడమవైపు రేకుల షెడ్డు ఆయనది. కిటికీల గ్రిల్స్, గేట్లు, కోళ్ళ గూళ్ళు, నీళ్ళ ట్యాంకు స్టాండ్లు చేసేవాడు. పొట్టి మనిషి. బొజ్జ ముందు వచ్చేది, మనిషి వెనక వచ్చేవాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇనుప ముక్కల కుప్ప పక్కన బల్ల మీద ఒరిగి కళ్ళు మూసుకునేవాడు. నిద్రపోయాడు కదా అని నేను పని కొంచెం వదులుగా చేస్తే, కళ్ళు తెరవకుండానే "రాడ్డు దూరం పట్టినవ్ బిడ్డా" అనేవాడు. మంట చప్పుడును బట్టి అతుకు ఎలా పడుతోందో ఆయనకు తెలిసిపోయేది. ఆ షెడ్డులో మధ్యాహ్నాలు ఇప్పటికీ నాకు కలలోవిలాగే అనిపిస్తాయి. గూడ్సు బండి పోతుంటే రేకులు సన్నగా వణికేవి, ఎండలో ఇనుపరజను మెరుస్తూ లేచేది, ఆయన గురక మాత్రం ఆగేది కాదు.

మాది కురవి దగ్గర తండా. ఇంట్లో లంబాడీ మాట్లాడతాం, గడప దాటితే తెలుగు. ఐటీఐలో వెల్డింగ్ నేర్చుకున్న ఇద్దరు ఆడపిల్లల్లో నేనొకదాన్ని. సర్టిఫికెట్ పట్టుకుని మానుకోటలో ఏడు షాపులు తిరిగాను. ఒకాయన నవ్వి ఊరుకున్నాడు. ఇంకొకాయన, వచ్చినదానివి ఎలాగూ వచ్చావు, హోటలుకు పోయి చాయ్ పట్టుకురమ్మన్నాడు. నాకు కోపం ముక్కు మీదే ఉండేది, ఇప్పటికీ అక్కడినుంచి దిగలేదు. ఎనిమిదో షాపు ఉస్తాద్‌ది. ఆయన నా కాగితం చూడలేదు. రెండు ఇనుప పట్టీలు నా ముందుకు తోసి, "అతుకు" అన్నాడు. అతికాను. బాగానే వచ్చిందని నా లెక్క. ఆయన రేకు డబ్బాలోంచి చిటికెడు పత్తి తీసి, అతుకు పొడుగునా మెల్లగా జరిపాడు. రెండు చోట్ల పత్తి పోగు పట్టుకుని ఆగిపోయింది.

"గిది ఏడ ఆగితే ఆడ మనిషి చెయ్యి గీరుకుంటది," అన్నాడు. "ఆకురాయి పట్టుకొని నున్నగ అరగదియ్యి. అరగదీసినంక ఇంటికి వో. రేపు జర జల్ది రా."

ఉద్యోగం ఇచ్చాడని నాకు ఇంటికి పోయేదాకా అర్థం కాలేదు. ఆ పత్తి ఎక్కడిదంటే, కేసముద్రం మార్కెట్‌కు ట్రాక్టర్లలో పత్తి పోయేటప్పుడు రోడ్డు పక్క తుమ్మకొమ్మలకు తెల్లగా చిక్కుకుపోతుంది కదా, ఆయన తన టీవీఎస్ బండి ఆపి ఆపి అది ఏరుకొచ్చేవాడు. ఏ పని చేసినా, గేటైనా, కోడిగూడైనా, షెడ్డు దాటే ముందు పత్తి దాని ఒళ్ళంతా తిరగాల్సిందే.

నేను చేరిన రెండో ఏడు, శివరాత్రి దాటిన వారం, రూతమ్మ సిస్టర్ వచ్చింది. ఊళ్ళో సగం మందికి పురుడు పోసిన చెయ్యి ఆమెది. దవాఖానలో నర్సుగా చేసి రిటైరై, చర్చి వెనక సందులో ఒక్కతే ఉండేది. తెల్లచీర, నల్లగొడుగు, చేతికి గడియారం. రిటైరైనా ఆ గడియారం ముల్లును చూడకుండా ఏ మాటా మాట్లాడేది కాదు.

"యాకయ్యా, ఒక బోను చెయ్యాలె," అంది.

"ఎలుకలకా సిస్టరమ్మా?"

"ఎలుక జాతే. గని పట్టుకునేదానికి కాదు, పెంచుకునేదానికి."

ఉస్తాద్ రెండు కళ్ళూ తెరిచాడు. అది అరుదు. ఆమె ఫోనులో ఫోటో చూపించింది. ఆయన ఫోనును దూరంగా పట్టి, దగ్గరగా పట్టి, "చెవులు ఎలుకవి, తోక ఉడుతది, మొఖం మా మేనత్తది," అన్నాడు. "ఏడిది గిది?"

"ఎక్కడ్నో సముద్రాలవతల కొండలట. రాళ్ళ సందుల్ల ఉంటదట. సల్లటి జాగ."

"ఎన్నేండ్లు బతుకుతది?"

"మంచిగ చూసుకుంటే పదిహేను, ఇరవై."

"అంటే నాకంటె ఎక్కువనే. గట్టిగ చెయ్యాలె మరి."

ఆమె నవ్వలేదు. హైదరాబాద్‌లో ఉన్న ఆమె మేనకోడలు కొత్తగా దిగే ఫ్లాట్‌లో జంతువులను ఒప్పుకోరట. ఎవరికో తెలియనివాళ్ళకు ఇచ్చేబదులు నేను పెంచుతానని ఈమె అడిగింది. అక్కడి పశువుల డాక్టరు మాత్రం, ఇరవై అయిదు డిగ్రీలు దాటితేనే దానికి కష్టం, మీ మానుకోటలో ఒక్క ఎండాకాలం కూడా దాటదని తేల్చి చెప్పాడట. "ఇంటికి వస్తే నేను తప్ప పానం ఉన్నది ఇంకోటి లేదు యాకయ్యా," అంది, గడియారం వైపు చూస్తూ. "మందికి ఎందరికో పురుళ్ళు పోసిన. గిప్పుడు గిదొక్కటి నా చేతుల బతకాలె. ఒక్క ఎండాకాలం దాటియ్యాలె. గంతే నాకు."

మామూలుగా మేం కొలత టేపు పట్టుకుని పోతాం. ఆ రోజు ఉస్తాద్ మధ్యాహ్నం రెండింటికి, ఎండ నెత్తిన మండుతుంటే, ఉత్త చేతులతో సిస్టరమ్మ ఇంటికి బయలుదేరాడు. పోయి, చెప్పులు విడిచి, ముందు గదిలో నేల మీద పడుకున్నాడు. చెంప నేలకు ఆనించి, కళ్ళు మూసుకుని. సిస్టరమ్మ నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. అయిదు నిమిషాలకు లేచి, పడకగదిలోకి పోయి అక్కడా పడుకున్నాడు. తర్వాత వంటింటి గుమ్మంలో. "యాకయ్యా, బీపీ చూడాల్నా?" అని ఆమె నిజంగానే అడిగింది. చివరికి ఇంటి వెనక, మెట్ల కింద ఉత్తరం వైపు ఉన్న చిన్న సామాన్ల గదిలో పడుకుని, అక్కడ నిజంగానే నిద్రపోయాడు. మేమిద్దరం గుమ్మంలో కూర్చుని చాయ్ తాగాం. లేచేసరికి ఆయన చెంప మీద షాబాదు బండ అచ్చు పడి ఉంది.

"ఏసీ పడకగదిల వెట్టియ్యాలనుకున్న కదా," అంది ఆమె.

"ఆ గోడకు పడమటెండ కొడుతది. కరెంటున్నన్ని దినాలు బాగనే ఉంటది. కరెంటు పోతే అరగంటల కుంపటి. దొరసాని ఈన్నే ఉండాలె. ఏసీ కూడ ఈన్నే పెట్టుకోండ్రి. కరెంటును నమ్ముకొని ఎవలన్న ఇల్లు కడుతరా?"

అలా దానికి దొరసాని అని పేరు పడింది. మేనకోడలు పెట్టిన పేరు మబ్బు. సిస్టరమ్మ మబ్బూ అని పిలిచేది, ఉస్తాద్ మాత్రం చివరిదాకా దొరసాని అనే అన్నాడు. దొరల గడీలు కూలిపోయాయి గానీ దొరసాని మళ్ళీ దిగుతోందని ఊరంతా చెప్పుకుని నవ్వాడు.

పంజరం చేయడానికి పన్నెండు రోజులు పట్టింది. అంత సమయంలో మేం రెండు గేట్లు, ఒక మెట్ల రెయిలింగ్ చేసి పంపేవాళ్ళం. మనిషి నడుముకంటే ఎత్తు, మూడు అంతస్తులు. అడుగున నేను కోడిగూడుకు వేసినట్టే జాలీ వేశాను, మురికి కిందికి రాలిపోతుందని. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఉస్తాద్ చూసి, "చెప్పులిడువు. గా జాలీ మీద నిలవడు," అన్నాడు. నిలబడ్డాను. ఆయన బీడీ ముట్టించుకుని తాపీగా తాగుతూ కూర్చున్నాడు. బీడీ సగం కాకముందే నా అరికాళ్ళు మండిపోయాయి. "నీకు సగం బీడీకే గిట్లున్నది. అది ఇరవై ఏండ్లు నిలవడాలె," అన్నాడు. జాలీ తీసేసి చెక్క వేశాం. రంగు, వార్నిష్ తగలని పైన్ చెక్క, వరంగల్ నుంచి తెప్పించాం. ఎందుకంటే అది కనబడ్డదల్లా కొరుకుతుంది. కొరకకపోతే పళ్ళు పెరిగిపోతాయట. కమ్ములకు పచ్చరంగు వేస్తే ఎంత అందంగా ఉండేదోనని ఉస్తాద్ చాలా బాధపడ్డాడు. రంగు తింటే చస్తుందని సిస్టరమ్మ చెబితే, "తినేదానికి ఇల్లు కడుతున్నమా, ఉండేదానికి కడుతున్నమా," అని రోజంతా గొణుక్కున్నాడు. మేకు తల ఎక్కడా బయటికి కనబడకూడదు, సందులోంచి బొటనవేలు దూరకూడదు, ప్లాస్టిక్ అసలే వద్దు. నడి అంతస్తులో పడుకోవడానికి నున్నటి నల్లరాయి బండ ఒకటి పెట్టాం, ఎవరి వంటింటి గట్టుకో కోయగా మిగిలిన ముక్క. ఒంటికి చల్లగా ఉండడానికి. సామాను పార్సిల్‌లో వచ్చింది. స్నానం పొడిని ఉస్తాద్ రెండు వేళ్ళ మధ్య నలిపి, "నీళ్ళతోని కాదు, దుమ్ముతోని తానం చేస్తదా? ముప్పై ఏండ్ల సంది నేను చేసేది గదే గద," అని సంబరపడ్డాడు. చివరికి పత్తి తీశాడు. మూడు అంతస్తులు, తలుపు, గడియ, కమ్మీ కమ్మీ తిప్పాడు. సాయంత్రమైంది. ఎక్కడా ఒక్క పోగు ఆగలేదు. నేను ఆ రోజు ఇంటికి నడిచిపోయానో ఎగిరిపోయానో గుర్తులేదు.

పంజరాన్ని మూడు రోజుల ముందే తీసుకెళ్ళి ఆ గదిలో పెట్టాం. ఇనుము వాసన పోవాలి, గది వాసన పట్టాలి అన్నాడు ఉస్తాద్. ఒక ఆదివారం పొద్దున్నే, ఎండ ఎక్కకముందే, మేనకోడలు కారులో దాన్ని తెచ్చి దింపి వెళ్ళిపోయింది. పగలంతా అది మూలన ముద్దగా పడుకుంది. మేం నిరాశపడ్డాం. దీపాలు పెట్టే వేళకు మాత్రం, సిస్టరమ్మ మట్టిగిన్నెలో ఆ పొడి పోసి లోపల పెట్టగానే, ముద్ద కదిలింది. చెవులు లేచాయి. గిన్నెలోకి దూకి ఒక్కసారి పొర్లింది, మళ్ళీ పొర్లింది, గిర్రున తిరిగింది. గదినిండా సన్నటి వెండి పొగ లేచింది. కిటికీలోంచి పడే చివరి వెలుగులో ఆ పొగ దిగకుండా అలాగే నిలబడిపోయింది. అందులో ఒక జంతువు ఉందో, నిజంగానే మబ్బు ఉందో తెలియలేదు. ముగ్గురం నేల మీద కూర్చుని ఉన్నాం. మానుకోటలో, మెట్ల కింద గదిలో, నేను ఎన్నడూ చూడని ఒక కొండ గాలి నా ముఖానికి తగిలినట్టు అనిపించింది. ఉస్తాద్ తుమ్మాడు. అప్పుడే అందరం ఈ లోకంలోకి వచ్చాం.

ఆ తర్వాత రోజూ పని అయ్యాక నేను అటే పోయేదాన్ని. గడ్డి మార్చేదాన్ని, బండ తుడిచేదాన్ని. అది నా వేలిని మెత్తగా పంటితో పట్టుకుని చూసేది, కొరకకుండా. నాకు దానిమీద ప్రేమ పుట్టిందని చెప్పడానికి సిగ్గేం లేదు.

మే నెలలో ఒక రోజు కేసముద్రంలో ఎవరో చుట్టాలు పోయారని సిస్టరమ్మకు కబురొచ్చింది. పొద్దున రైలుకు పోయి సాయంత్రానికి వస్తానని, ఇంటి తాళం నా చేతిలో పెట్టింది. "కరెంటు పోతే ఫ్రిజ్జుల ఐసు సీసాలున్నయ్, బట్ట చుట్టి బండ పక్కన వెట్టు. నీళ్ళు మాత్రం ఒంటికి తాకనియ్యకు," అని రెండుసార్లు చెప్పింది. పన్నెండింటికి గాలిదుమారం లేచింది. ఎక్కడో స్తంభం పడింది, కరెంటు పోయింది. ఒక గంట గడిచింది. రెండు గంటలు. ఐసు సీసాలు నీళ్ళ సీసాలయ్యాయి. ఉస్తాద్ ఎంచిన గది కాబట్టి అంతసేపు ఆగింది గానీ, ఆ రోజు ఎండకు బండ కూడా వెచ్చబడింది. దొరసాని కాళ్ళు చాపి పడిపోయింది. చెవులు ఎర్రగా అయ్యాయి. పొట్ట డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి.

నా బుర్రలోంచి సిస్టరమ్మ చెప్పిందంతా జారిపోయింది. మా తండాలో ఎండదెబ్బకు కోళ్ళు తూలితే మా యాడి ఏం చేసేదో అదొక్కటే చేతులకు గుర్తుంది. అమ్మను మేం యాడి అంటాం. ఆమె గోనెసంచి తడిపి గూటి మీద కప్పేది, కోళ్ళ మీద నీళ్ళు చిలకరించేది. నేనూ గోనెసంచి తడిపి పంజరం చుట్టూ కప్పాను. అరచేతులు నీళ్ళలో ముంచి దాని వీపు నిమిరాను. ఒకసారి కాదు, మూడు నాలుగుసార్లు. నీళ్ళు ఆ బొచ్చులోకి ఇంకి, బయటికి రాకుండా లోపలే ఉండిపోయాయి. మబ్బులా ఉన్నది తడిసిన గుడ్డపీలికలా అయిపోయింది. తడి సంచి లోపల గాలాడక ఇంకా ఉక్కపోసింది. అది వణకడం మొదలుపెట్టినప్పుడు నేను ఉస్తాద్‌కు ఫోన్ చేశాను. ఏం చెప్పానో నాకే తెలియదు, ఏడ్చానంతే.

ఆయన వచ్చి తిట్టలేదు. సంచి లాగి అవతల పారేశాడు. పొడి తువ్వాలలో దాన్ని చుట్టి, అద్ది అద్ది తడి లాగాడు. ఒక తువ్వాల తడిస్తే ఇంకొకటి. మెయిన్ రోడ్డు అవతలి లైనులో కరెంటు ఉంది. అక్కడ ఏటీఎంలో ఏసీ నడుస్తోంది. పండ్లగంపలో పొడి బట్ట పరిచి, దాన్ని పెట్టి, పైన పలచటి బట్ట కప్పి, నేను వెనక కూర్చుంటే టీవీఎస్ మీద తీసుకెళ్ళాడు. ఏటీఎం గదిలో నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని గంపను ఒళ్ళో పెట్టుకున్నాడు. డబ్బులు తీయడానికి వచ్చిన ఒక పెద్దాయన వంగి చూసి, "కుందేలానె?" అన్నాడు. "పేషంటు," అన్నాడు ఉస్తాద్. పెద్దాయన కార్డు జేబులో పెట్టుకుని చప్పుడు కాకుండా వెళ్ళిపోయాడు.

చాలాసేపటికి డొక్కలు ఎగరడం తగ్గింది. చెవుల ఎరుపు కొద్దిగా పలచబడింది. నేను మాత్రం తల ఎత్తలేదు.

"నీకు సల్లగుంటే దానికి సల్లగుంటదనుకున్నవ్," అన్నాడు ఉస్తాద్.

"మా యాడి గట్లనే చేసేది."

"మీ యాడిది తప్పు లేదు. అవి కోళ్ళు." గంపలోకి ఒకసారి తొంగి చూశాడు. "మా అవ్వకు నేనొక మంచం చేసిన. చెప్పిన్నా నీకు?"

చెప్పలేదు. కన్నతల్లినే ఆయన అవ్వ అంటాడు. ఆమె మాట ఆయన ఎప్పుడూ ఎత్తలేదు.

"కాలు, చెయ్యి, నోరు పడిపోయినయ్ ఆమెకు. పొర్లి కింద పడుతదని మంచానికి రెండు దిక్కుల అడ్డకమ్మి పెట్టిన. స్టీలుది. అద్దమోలె మెరుస్తది. వాడకట్టోళ్ళందరు వచ్చి చూసి, కొడుకంటే యాకయ్య అన్నరు. ఏడు నెలలు పండుకున్నది దాంట్ల. పోయింది. దినాలైనంక, ఎవలికన్న ఇద్దామని మంచం కడుగుతున్న. నడుము గుంజుతున్నదని జర ఒరిగిన. ఒరిగితే, గా కమ్మి సక్కగ నా కండ్ల మీదికొచ్చింది. వాకిలి కనవడలే బిడ్డా. వచ్చేటోళ్ళు, పోయేటోళ్ళు, ఎవలు కనవడలే. ఏడు నెలలు మా అవ్వ గా కమ్మినే చూసుకుంట పండుకున్నది. నోరు లేకపాయె చెప్పెతందుకు. నేనేమో రోజు పొద్దున లేచి గా కమ్మినే తుడిచేటోన్ని, మెరవాలెనని."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన ఆ మధ్యాహ్నం ఎండలో సిస్టరమ్మ ఇంట్లో గదిగదికీ నేల మీద ఎందుకు పడుకున్నాడో, నన్ను జాలీ మీద ఎందుకు నిలబెట్టాడో, అంతా ఒక్కసారి తెలిసింది. నేను దాన్ని ముసలాయన పిచ్చి అనుకుని, వెనక మా యాడికి చెప్పి నవ్వాను కూడా. ఆయన గంప మీది బట్ట సర్దుతూ, "ఏడ్వకు. ఏటీఎంల ఏడిస్తే పైసలు పోయినయనుకుంటరు," అన్నాడు.

నాలుగింటికి కరెంటు వచ్చింది. దాన్ని తీసుకెళ్ళి పంజరంలో పెట్టాం. ఒళ్ళు ఆరింది గానీ అది గడ్డి ముట్టలేదు. తినకపోతే మళ్ళీ పడిపోతుందని సిస్టరమ్మ ఎన్నోసార్లు చెప్పింది. ఆమె రైలు వచ్చే వేళవుతోంది.

"కరెంటు పోయింది, గందుకే గిట్లైందని చెప్దాం ఉస్తాద్," అన్నాను.

"కరెంటు పోయింది నిజమే. తడిపిందెవలు?"

"నన్ను ఇగ గడప తొక్కనియ్యదు."

"తొక్కనియ్యకపోవచ్చు." ఆయన చెప్పులు వేసుకున్నాడు. "మా అవ్వకు నేను చెప్పుకుందామంటే మనిషి లేకపాయె. నీకు చెప్పుకునేతందుకు మనిషున్నది. నేను గేటు బయట ఉంట. నువ్వు చెప్పు."

ఆ మాటకు నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఎనిమిదో షాపులో పని ఇచ్చిన మనిషి, ఆ ఒక్క మాట నా తరఫున చెబితే ఏం పోయింది? ఆయనంటే ఆమెకు గురి కదా? కానీ ఆయన నిజంగానే బయటికి పోయి బండి మీద కూర్చున్నాడు. సిస్టరమ్మ వచ్చి, గొడుగు గోడకు ఆనించకముందే నేను మొత్తం చెప్పేశాను. సంచి తడిపింది, చేతులు ముంచింది, మూడు నాలుగుసార్లు నిమిరింది, ఏటీఎం, అన్నీ. ఆమె ముఖంలో ఏమీ కదల్లేదు.

"గడ్డి తిన్నదా?" అంది.

"ఇంక తినలే."

ఆమె చీర కొంగు దోపుకుని పంజరం ముందు కూర్చుంది. గడియారం చూస్తూ దాని ఊపిరి లెక్కపెట్టింది. నన్ను పొమ్మనలేదు, ఉండమనలేదు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆమె ఒక్కతే ఉండే ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఆ సాయంత్రమే నాకు తెలిసింది. దీపాలు పెట్టే వేళయింది. ఆ నిశ్శబ్దంలో, ఒక గడ్డిపోచ విరిగిన చప్పుడు. తర్వాత ఇంకొకటి. దొరసాని రెండు చేతులతో పోచ పట్టుకుని నములుతోంది. సిస్టరమ్మ కళ్ళు మూసుకుంది, పెదవులు కదిలాయి. కళ్ళు తెరిచాక ఆమె మొదటిసారి నా వైపు చూసింది.

"రేపటి సంది వానలు పడేదాక పగటీలి నువ్వే రావాలె," అంది.

"నేనా సిస్టరమ్మా?"

"ఇంకెవలు? తెల్వనోళ్ళ చేతుల పెడితే మళ్ళ మొదటికొస్తది. నువ్వు ఇగ జన్మల తడపవ్." పంజరం గడియ వేసింది. "దవాఖానల శాన మందిని చూసిన. తప్పు చేసినోళ్ళతోని గాదు, దాచినోళ్ళతోనే పానాలు పోయేటివి."

బయట ఉస్తాద్ అలాగే బండి మీద కూర్చుని ఉన్నాడు. రెండు గంటలకు పైగా. లోపల ఏమైందని అడగలేదు.

"చెప్పినవా?"

"చెప్పిన ఉస్తాద్."

"తిన్నదా?"

"తిన్నది."

"ఎక్కు," అన్నాడు. బండి నాలుగో కిక్కుకు గానీ స్టార్ట్ కాలేదు.

దొరసాని ఆ ఎండాకాలం దాటింది. ఆ తర్వాతివీ దాటింది. ఇప్పటికీ మెట్ల కింద గదిలో సాయంత్రాలు వెండి పొగ లేపుతూనే ఉంది, సిస్టరమ్మ గడియారం చూస్తూనే ఉంది. ఉస్తాద్ మాత్రం ఒక వానాకాలం రెండు రోజుల జ్వరంతో, ఎవరికీ ఏ మంచమూ చేసే పని పెట్టకుండా వెళ్ళిపోయాడు. షెడ్డును ఆయన భార్య నాకే అద్దెకిచ్చింది.

జనగామ వాళ్ళ పంజరం మొదలుపెట్టే ముందు ఇది కూడా చెప్పాలి. పోయిన నెల ఒక ఫంక్షన్ హాలు ముందు నుంచి పోతూ, నేను చేసిన బాల్కనీ రెయిలింగ్ వైపు ఊరికే తలెత్తి చూశాను. ఒక అతుకు దగ్గర వెంట్రుకంత పగులు. ఎవరూ చూడలేదు, చూసినా తెలిసేది కాదు. ఆ వారంలోనే అక్కడ పెళ్ళి ఉంది, పిల్లలు ఆ కమ్మీకి ఆనుకుని నిలబడతారు. నేను లోపలికి పోయి, తప్పు నాదేనని, విప్పి మళ్ళీ చేస్తానని చెప్పాను. భయం అప్పటిలాగే వేసింది, వయసొస్తే తగ్గుతుందనుకున్నాను గానీ తగ్గలేదు. ఆ ఓనరు నలుగురి ముందు అరిచాడు, ఆడదానికి పని ఇస్తే ఇంతేనన్నాడు. నా ముక్కు మీది కోపాన్ని ఎలాగో పట్టుకుని, తలూపి, బయటికి వచ్చాను. రోడ్డు పక్కన బండి మీద ఒక బొజ్జ మనిషి కూర్చుని ఉంటాడేమోనని కళ్ళు వెతికాయి. అక్కడ ఖాళీగా ఒక ఆటో ఆగి ఉంది.

"చెప్పిన ఉస్తాద్," అన్నాను, పైకే.

ఆటో అతను ఇటు తిరిగి, "ఏడికి పోవాలె అక్కా?" అన్నాడు.